రెండు మందుల రాత్రి

*మన భాషలో గోళీ కూడా మందే, గ్లాసులో పోసుకునేదీ మందే. షుగర్ ఉన్న మనిషి కడుపులో ఆ రెండూ కలిసిన రాత్రి సంగతి ఇది.*

దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి, పెద్దల కాళ్లు మొక్కి, అలయ్ బలయ్ అయిపోయాక మా ఊళ్లో మగవాళ్లు కనిపించరు. ఎక్కడున్నారంటే 'బావి కాడ' అంటారు. 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి. వైన్స్ బంద్ కాబట్టి సరుకు ముందురోజే వచ్చి మోటారు కొట్టంలో కూర్చుంది. కొట్టం ముందు ప్లాస్టిక్ కుర్చీలు, నడుమ ఒక స్టూలు, దాని మీద కాగితం ప్లేట్లలో వేయించిన బోటి, ఉల్లిగడ్డ ముక్కలు. రాత్రి ఏడున్నరకు మా మామ కూర్చోబోతూ అంగీ జేబులోంచి గోళీల షీటు తీసి ఒకటి నోట్లో వేసుకున్నాడు. తిండికి ముందు వేసుకోవాలని డాక్టరు రాసిచ్చిన షుగర్ గోళీ అది. "ముందుగాల ఈ మందు, తర్వాత ఆ మందు" అని నవ్వాడు. మేమూ నవ్వాం.

తిండి పదిన్నరకు గానీ రాలేదు. వచ్చాక కూడా ఆయన రెండు ముక్కలు నమిలి, కడుపు నిండిందని చెయ్యి కడుక్కున్నాడు. ఇంటికొచ్చి వాకిట్లో మంచం మీద ఒరిగాడు. ఒంటిగంటకు అత్తమ్మ లేచి చూస్తే ఏదో గొణుగుతున్నాడు. "ఎక్కువైనట్టుంది, పండనీ" అని దుప్పటి కప్పి పోయింది. నాలుగింటికి మళ్లీ లేచింది. దుప్పటి తడిసి ఉంది. బనీను పిండితే నీళ్లు కారేటట్టుంది. గురక ఎప్పటి గురకలా లేదు. చెంప మీద తడితే కళ్లు తెరిచాడు గానీ ఎదురుగా ఉన్నది ఎవరో గుర్తుపట్టలేదు.

షుగర్ మిషన్ ఇంట్లోనే, టీవీ కింది అరలో ఉంది. వేలు గుచ్చింది నేనే. అయిదు సెకన్లు లెక్కపెట్టి అది చూపించిన అంకె 31.

108 వచ్చింది, గ్లూకోజ్ ఎక్కింది, తెల్లారేసరికి మనిషి లేచి కూర్చున్నాడు. కూర్చుని అన్న మొదటి మాట: "నేనేం ఎక్కువ తాగలే. మూడే పెగ్గులు." నిజమే. పక్కనే ఉన్నాను, లెక్క నాకూ తెలుసు. ఆ రాత్రి బావి కాడ అందరికంటే తక్కువ తాగింది ఆయనే.

గుమ్మికి తాళం

ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగిన సర్వే ఫలితాలు 2023లో లాన్సెట్ పత్రికల్లో వచ్చినప్పుడు దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల 10 లక్షలని తేలింది. ఆ అంచున నిలబడ్డవాళ్లు ఇంకో 13 కోట్ల 60 లక్షలు. ఇంతమందిలో సాయంత్రం గ్లాసు పట్టేవాళ్లు ఎందరో ఊహించుకోవచ్చు. అయినా షుగర్‌కు ఏ బియ్యం తినాలి, ఏ పండు మానాలి అన్నదాని మీద మనకున్న పరిజ్ఞానంలో పదోవంతు కూడా మందు సంగతిలో లేదు. ఉన్నదల్లా సిట్టింగుల్లో పుట్టి సిట్టింగుల్లో పెరిగిన శాస్త్రం.

ఆ శాస్త్రంలో మొదటి సూత్రం: 'బీరు, కల్లు వద్దు, విస్కీ తాగు, దాంట్లో షుగర్ లేదు.' దీనికి రుజువు కూడా చూపిస్తారు. "రాత్రి రెండేసిన, పొద్దున ఫాస్టింగ్ 96" అని మిషన్ ఎత్తి చూపించినవాళ్లను నేను కనీసం ముగ్గురిని చూశాను. విస్కీలో చక్కెర లేని మాట వాస్తవం. పొద్దున అంకె తగ్గిన మాటా వాస్తవమే. అది ఎందుకు తగ్గిందో తెలిస్తే మాత్రం చూపించడానికి మిషన్ ఎత్తరు.

మన కాలేయం ఇంట్లో గుమ్మి లాంటిది. తిన్నదాంట్లో కొంత చక్కెరను గ్లైకోజన్‌గా మార్చి దాచుకుంటుంది. పెద్దవాళ్లలో ఆ నిల్వ సుమారు వంద గ్రాములు. మనం నిద్రపోయినప్పుడు మెదడు ఉపవాసం ఉండదు కదా. అందుకని గుమ్మి నుంచి కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. నిల్వ అడుగంటుతుంటే ఇతర పదార్థాల నుంచి కొత్త చక్కెర తయారు చేస్తుంది. ఒక రాత్రి తిండి మానేసినా పొద్దున మనం లేచి నడవగలుగుతున్నామంటే ఈ రెండో పని వల్లే.

ఆల్కహాల్ లోపలికి రాగానే కాలేయానికి అది విషం. ముందు దాని సంగతి చూడాలి. దాన్ని విరగ్గొట్టే క్రమంలో కొత్త చక్కెర తయారీకి కావలసిన రసాయన సరంజామా అంతా అటే ఖర్చయిపోతుంది. తయారీ ఆగుతుంది. కడుపు నిండా తిని ఉంటే గుమ్మిలో గింజలుంటాయి, తెల్లవారుతుంది. సరిగా తినకపోతే ఆ కాస్తా అర్ధరాత్రికే ఖాళీ.

షుగర్ లేనివాడి ఒంట్లో అయితే ఈపాటికి ఇన్సులిన్ కూడా తగ్గి సర్దుకుంటుంది. మామ వేసుకున్న గోళీలో గ్లిమిపిరైడ్ ఉంది. మన దగ్గర షుగర్ వాళ్లలో చాలామంది వాడే గోళీల్లో అది గానీ, దాని అన్నదమ్ములు గ్లిక్లజైడ్, గ్లిబెంక్లమైడ్ గానీ ఉంటాయి. క్లోమాన్ని తట్టిలేపి ఇన్సులిన్ విడుదల చేయించడం వాటి పని. రక్తంలో చక్కెర ఎంతుందో చూసుకుని ఆగే తెలివి వాటికి లేదు. ఒక్కసారి వేసుకుంటే ప్రభావం రోజంతా ఉండవచ్చు. ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్లదీ ఇదే పరిస్థితి. ఒకపక్క గుమ్మికి తాళం, ఇంకోపక్క ఉన్నది ఊడ్చేసే చెయ్యి. పొద్దున 96 చూసినవాడు ఆ రాత్రి ఎంత లోతుకు దిగి పైకొచ్చాడో అతనికి తెలియదు, మిషన్‌కీ తెలియదు.

పెగ్గు లెక్క

మూడు పెగ్గులంటే ఎంత? మన లార్జ్ పెగ్గు 60 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని అచ్చేసి ఉంటుంది. లెక్క కడితే పెగ్గుకు 20 గ్రాముల ఆల్కహాల్. మూడు పెగ్గులు, అంటే ఒక క్వార్టర్, 61 గ్రాములు. అమెరికా డయాబెటిస్ సంఘం చాలాకాలంగా చెప్పే పరిమితి మగవాళ్లకు రోజుకు రెండు డ్రింకులు, ఆడవాళ్లకు ఒకటి. అయితే వాళ్ల డ్రింకు 14 గ్రాములు. ఆ కొలతతో చూస్తే మన రెండు పెగ్గులే దాదాపు మూడు డ్రింకులు. డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్లో 'టూ డ్రింక్స్ ఓకే నాన్నా' అంటే ఇక్కడ నాన్న రెండు లార్జులు పోసుకుంటాడు. ఇద్దరూ ఒకే మాట మాట్లాడుకున్నట్టే ఉంటుంది. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా కూడా ఇంచుమించు రెండు పెగ్గుల పెట్టే. ఆ పరిమితి కూడా క్షేమానికి హామీ ఏమీ కాదు. ఆల్కహాల్‌లో సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది.

కాలేయం గంటకు ఏడెనిమిది గ్రాములు మాత్రమే కరిగించగలదనుకుంటే, క్వార్టర్ అరగడానికి ఎనిమిది గంటల దాకా పడుతుంది. రాత్రి పదింటికి ఖాళీ చేసిన గ్లాసు పొద్దున ఆరింటి దాకా లోపల పనిచేస్తూనే ఉంటుంది.

కొందరికి దెబ్బ ఇంకా ఆలస్యంగా తగులుతుంది. ఇంగ్లండ్‌లో బోర్న్‌మత్ డాక్టర్లు చేసిన ఒక చిన్న ప్రయోగం 2001లో డయాబెటిస్ కేర్ పత్రికలో వచ్చింది. టైప్ 1 (ఇన్సులిన్ సూది తప్పనిసరైన రకం షుగర్) ఉన్న ఆరుగురు మగవాళ్లకు ఒక రాత్రి భోజనం పెట్టి, తొమ్మిదింటికి వైన్ ఇచ్చారు. ఇంకో రాత్రి అదే వేళకు నీళ్లిచ్చారు. రాత్రంతా చక్కెరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మర్నాడు టిఫిన్ అయ్యాక తేలింది: వైన్ తాగినప్పుడు ఆరుగురిలో ఐదుగురికి షుగర్ డౌన్ అయి చికిత్స చేయాల్సి వచ్చింది, నీళ్లు తాగినప్పుడు ఒక్కరికీ రాలేదు. 'రాత్రి దాటింది, ఇక భయం లేదు' అని బండి తీసి ఆఫీసుకు బయల్దేరే వేళ అది.

దీనికితోడు షుగర్ డౌన్ అయినప్పటి లక్షణాలు చూడండి. తూలడం, మాట ముద్దగా రావడం, చెమటలు, అకారణంగా కోపం, అడిగినదానికి సంబంధం లేని జవాబు. బారు ముందు పడి ఉన్నవాడి వర్ణన కూడా ఇదే. ఒంట్లోంచి వాసన వస్తున్న మనిషిని చూసి ఎవరూ చక్కెర పరీక్షించరు. మా అత్తమ్మ ముప్పయ్యేళ్లుగా చూస్తున్న దృశ్యమే ఆ రాత్రీ చూసింది. దుప్పటి కప్పడంలో ఆమె తప్పేముంది?

గోళీ ఎగ్గొట్టే తెలివి

మామ కథ విన్నాక మా ఊళ్లో కొందరు ఎదురువైపుకు తిరిగారు. తాగే రోజు గోళీ వేసుకోరు. 'రెండు మందులు కలవొద్దు' అని లాజిక్. వారానికి మూడు సిట్టింగులుంటే వారంలో మూడు రోజులు వైద్యం లేనట్టే. పైగా స్టఫ్ పేరుతో చికెన్ 65, మిక్చర్, పల్లీలు, చివర్లో బిర్యానీ. క్వార్టర్‌లోని ఆల్కహాల్ ఒక్కటే సుమారు 425 కేలరీలు, కూల్‌డ్రింకు కలిపితే ఆ చక్కెర అదనం. అలా కొందరికి అర్ధరాత్రి 31, కొందరికి ఎప్పుడూ 300. ఇన్సులిన్ వాడేవాళ్లు, ముఖ్యంగా టైప్ 1 వాళ్లు సూది ఎగ్గొడితే ఒకటి రెండు రోజుల్లోనే కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని, రక్తం ఆమ్లమయమై (దీన్నే కీటోఅసిడోసిస్ అంటారు) ప్రాణం మీదికి వస్తుంది.

మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు విపరీతంగా తాగితే, కిడ్నీలు కూడా బాగాలేకపోతే, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయే ప్రమాదం ఉంది. అది అరుదు, వస్తే మాత్రం ప్రాణాంతకం. కొత్తగా వచ్చిన చిక్కు ఇంకొకటి. మూత్రంలో చక్కెరను బయటికి పంపే గోళీలు ఉన్నాయి: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. 2025 మార్చిలో రెండో దాని పేటెంట్ తీరి ధర ఒక్కసారిగా దిగింది, వాడకం పల్లెల దాకా పాకింది. గుండెకు, కిడ్నీకి మంచి మందులివి. అయితే ఇవి వేసుకుంటూ, అన్నం మానేసి రెండు మూడు రోజులు వరుసగా తాగితే షుగర్ అంకె మామూలుగానే ఉండగా కీటోన్లు పేరుకుంటాయి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. మిషన్ 160 చూపిస్తుంటే 'గ్యాస్' అనుకుని సోడా తాగుతారు.

అరికాళ్ల సంగతి కూడా చెప్పాలి. నరాలను షుగర్ తింటుంది, ఆల్కహాల్ కూడా తింటుంది. ఇద్దరూ కలిస్తే ముందు మంటలు, తర్వాత తిమ్మిరి, ఆ తర్వాత ఏమీ తెలియకపోవడం. హవాయి చెప్పు కాలి నుంచి ఎక్కడో జారిపోతే ఇంటి గడప దగ్గర చూసుకునేవాళ్లున్నారు. చెప్పు పోతే తెలియని కాలికి ముల్లు గుచ్చుకుంటే ఏం తెలుస్తుంది?

పొద్దుటి కల్లు, సాయంత్రపు కల్లు

ఈత కల్లు షుగర్‌కు మంచిదనేది మా ప్రాంతంలో తిరుగులేని నమ్మకం. చెట్టు నుంచి అప్పుడే దింపిన నీరా తియ్యగా ఉంటుంది. ఆ తీపి చక్కెరే. లొట్టిలో గంటలు గడిచేకొద్దీ పులిసి ఆ చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంది. అంటే పొద్దున తాగితే షుగర్ పెంచుతుంది, పొద్దు పోయాక తాగితే దించే పని మొదలుపెడుతుంది. ఒకే చెట్టు. మా గౌడన్నకు ఇది చెబితే "మరి మధ్యాహ్నం తాగితే సరిగ్గుంటదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అసలు భయం చెట్టు కల్లుతో కాదు. పట్నంలో, జిల్లా కేంద్రాల్లో కల్లు పేరుతో అమ్మేదాంట్లో చాలాచోట్ల చెట్టు వాటా ఎంతో చెప్పలేం. క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుతారు. 2015లో కల్తీ మీద అధికారులు విరుచుకుపడినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో మామూలు కూలీలు, ముసలమ్మలు కూడా చేతులు వణికి, తమలో తాము మాట్లాడుకుంటూ, ఫిట్స్ వచ్చి ఆస్పత్రులకు చేరారు. రోజూ తాగేది కల్లు అనుకున్నారు, అలవాటు పడింది నిద్రగోళీకి. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది.

షుగర్ మనిషికి ఈ నిద్రమందు ప్రత్యేకమైన శత్రువు. చక్కెర పడిపోతున్నప్పుడు గుండె దడదడలాడి, చెమటపట్టి మనిషిని లేపుతుంది శరీరం. నిద్రమందు ఆ పిలుపు వినపడనివ్వదు. మానేద్దామని ఒక్కసారిగా ఆపితే వచ్చే వణుకు, చెమట కూడా అచ్చం షుగర్ డౌన్ లాగే ఉంటాయి. అందుకే ఒకే దారి: వణుకు చూసి ఊహించకుండా వేలు గుచ్చి చూడాలి. మానడం కూడా డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా. సలహాకు జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 ఉంది.

ఈ కల్లు తాగేవాళ్లలో అరవై దాటిన ఆడవాళ్లు చాలామంది. బతుకమ్మ నాడు, బోనాల నాడు వాళ్లు తాగడం మా దగ్గర వింతా కాదు, తప్పూ కాదు. అయినా "కల్లు తాగుతవా అమ్మా" అని వాళ్లను అడిగిన షుగర్ డాక్టరు ఒక్కరూ నాకు తగల్లేదు.

పెన్ను తీస్తే వీడియో

గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే ఒక కుర్రాడు పదకొండో ఏట నుంచి ఇన్సులిన్ మీద ఉన్నాడు. ఒక పార్టీలో భోజనానికి ముందు చొక్కా ఎత్తి పొట్టకు ఇన్సులిన్ పెన్ను పెట్టుకుంటే, డ్రగ్స్ ఎక్కించుకుంటున్నాడని పక్క టేబుల్ వాడు వీడియో తీశాడట. "నిజంగా గంజాయి పీలుస్తున్న బ్యాచ్ బాల్కనీలో ఉంది అన్నా, వాళ్లను ఎవరూ తీయలేదు" అన్నాడు.

ఆంధ్ర ఒడిశా సరిహద్దు కొండల నుంచి దిగే గంజాయి ఇంజినీరింగ్ హాస్టళ్ల దాకా వచ్చిందన్నది ఇప్పుడు వార్త కూడా కాదు. 'ఆకే కదా, మందు కన్నా నయం' అని ఒక వాదన. గంజాయి వల్ల టైప్ 1 వాళ్లకు ఏమవుతుందో అది చట్టబద్ధమైన కొలరాడోలో చూశారు. 2019లో అచ్చయిన ఆ అధ్యయనంలో, వాడని వాళ్లతో పోలిస్తే వాడేవాళ్లకు కీటోఅసిడోసిస్ ముప్పు దాదాపు రెట్టింపు కనిపించింది. కారణం ఇదేనని అది తేల్చలేదు గానీ, డాక్టర్లకు దారి కనిపిస్తూనే ఉంది. గంజాయి మొదట విపరీతమైన ఆకలి పుట్టిస్తుంది, సూది వేసుకున్నామో లేదో మరిపిస్తుంది. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి ఆగని వాంతులు వస్తాయి. వేడినీళ్ల స్నానం చేస్తే కాసేపు తగ్గడం దాని గుర్తు. వాంతులవుతున్నాయని తిండి మానేసి, తిండి లేదని ఇన్సులిన్ మానేస్తే ఐసీయూ ఎంతో దూరం ఉండదు. ఎండీఎంఏ, కొకైన్ లాంటివి ఆకలిని, అలసటను చంపేస్తాయి. తెల్లవార్లూ ఎగిరేవాడికి నీళ్లు, తిండి, ఇన్సులిన్ మూడూ గుర్తుండవు.

ఆ కుర్రాడు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పార్టీకి పోతే తాగని స్నేహితుడు ఒకడికి ముందే చెబుతాడు. చేతికి అతికించుకున్న సెన్సర్ అంకెలు ఆ స్నేహితుడి ఫోన్‌కు కూడా పోతాయి. "నేను పిచ్చిగా మాట్లాడితే తిట్టకు, ఫోన్ చూడు" అన్నది ఒప్పందం.

'అప్పుడప్పుడు' అంటే ఎంత?

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. మందు మనకు ఉద్యమం, ఎన్నికల హామీ, ఖజానా ఆదాయం, ఇంట్లో కొట్లాట. ఇన్ని రకాలుగా మాట్లాడుకున్నాం గానీ, అది షుగర్ గోళీతో కలిసే చోటు గురించి మాట్లాడుకోవడం మాత్రం మనకు చేతకాలేదు. తాగుబోతుకు నీతి చెప్పడం తెలుసు. రెండు పెగ్గులు తాగే గౌరవనీయుడైన షుగర్ పేషెంటుతో ఏం మాట్లాడాలో తెలియదు.

డాక్టరు గదిలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. భార్య పక్కనే కూర్చుని ఉంటుంది. "అలవాట్లేమన్నా ఉన్నాయా?" అని డాక్టరు కాగితం మీంచి తల ఎత్తకుండా అడుగుతాడు. "అప్పుడప్పుడు సార్." ఆ మాటే కాగితం మీదికి ఎక్కుతుంది. 'అప్పుడప్పుడు' కింద నెలకోసారీ ఇముడుతుంది, రోజు విడిచి రోజూ ఇముడుతుంది. భార్య బయటికెళ్లాక మగవాళ్లు గొంతు తగ్గించి అడిగేది మగతనం గురించేనట. నాకు తెలిసిన ఒక డాక్టరు, అప్పుడు మాత్రం తాను మందు లెక్క నిజంగా రాబట్టగలుగుతానని చెప్పాడు. ఎందుకంటే మగతనాన్ని షుగర్, మందు రెండూ దెబ్బతీస్తాయని చెబితే నమ్ముతారు.

మానేయండి అనడమే ఆయన మొదటి సలహా. మానరని తెలిసినవాళ్లతో ఇలా చెబుతాడు: ఖాళీ కడుపుతో వద్దు. స్టఫ్ తిండి కిందికి రాదు, అన్నమో రొట్టో తిన్నాకే ముట్టుకోండి. పడుకునే ముందు వేలు గుచ్చి చూడండి, వంద కన్నా తక్కువుంటే ఏదన్నా తిని పడుకోండి. ఎక్కువుంది కదా అని ఆ వేళ సొంతంగా ఇన్సులిన్ పెంచి పొడుచుకోకండి. ఇంట్లో ఒకరికి చెప్పండి, మూడింటికి అలారం పెట్టుకుని లేపమనండి. 70 కన్నా దిగి, మెలకువగా ఉంటే మూడు నాలుగు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. గోళీల్లో వోగ్లిబోస్ ఉంటే మామూలు చక్కెర త్వరగా ఒంటికి పట్టదు, గ్లూకోజ్ పొడే కావాలి. లేపితే లేవని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 పిలవాలి. ఇంట్లో ఉంచుకునే గ్లూకగాన్ సూది కూడా తాగిన రాత్రి సరిగా పనిచేయదు, గుమ్మిలో గింజలుంటే కదా అది బయటికి తీసేది. గ్లిమిపిరైడ్ వాడేవాళ్లు ఒకసారి లేచి కూర్చున్నా మళ్లీ పడిపోవచ్చు. మా మామను ఒకటిన్నర రోజు ఆస్పత్రిలో ఉంచుకున్నది అందుకే.

వారం తర్వాత ఆయన్ను మళ్లీ చూపించడానికి నేనూ, అత్తమ్మా వెంట పోయాం. డాక్టరు పాత కాగితం ముందేసుకుని అదే ప్రశ్న వేశాడు. మామ గొంతు సవరించుకున్నాడు. "అప్పు..." అనేలోపే అత్తమ్మ కుర్చీ ముందుకు జరిపింది.

"నేను చెప్త సారూ, రాసుకోండ్రి. ఐతారం ఐతారం ఒక క్వార్టర్. పండుగకు హాఫ్. అల్లుడొస్తే లెక్క లేదు. ఎండకాలం పొద్దుగాల కల్లు వేరే."

డాక్టరు కలం ఆగింది. 'అప్పుడప్పుడు' అన్న మాట కొట్టేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. కాసేపు చూసి, పై వరుసలోకి పోయి ఒక గోళీ పేరు కూడా కొట్టేసి దాని పక్కన ఇంకొకటి రాశాడు. మామ మా ఎవరి వంకా చూడలేదు. గోడకున్న మందుల కంపెనీ క్యాలెండర్‌లో దీపావళి ఏ వారం పడిందో చూస్తున్నాడు.